ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీ: డిస్కౌంట్ ఇచ్చే బండి కొనాలా, వెయిటింగ్ ఉన్న బండి కోసం ఆగాలా?

ముందు మారుతి సుజుకీ చిన్న ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీ జిమ్నీ సంగతి చెబుతాను, డిస్కౌంట్ల గురించి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఐదు డోర్ల జిమ్నీ 2023 జూన్‌లో ఇండియాలో అమ్మకానికి వచ్చింది. ఆ ఏడాది ముగియకముందే దాని మీద పెద్ద పెద్ద తగ్గింపులు మొదలయ్యాయి. అదే బండిని ఇండియాలోనే తయారుచేసి, ఓడెక్కించి, జిమ్నీ నోమేడ్ పేరుతో జపాన్‌లో అమ్ముతామని 2025 జనవరి చివర్లో ప్రకటించారు. నెలకి 1,200 అమ్ముదామని సుజుకీ అనుకుంటే నాలుగు రోజుల్లో దాదాపు 50,000 ఆర్డర్లు వచ్చిపడ్డాయి, చివరికి కంపెనీయే ఇక ఆర్డర్లు తీసుకోం అని తలుపు మూసేసింది. ఛాసీ అదే, లో రేంజ్ గేరు (కష్టమైన దారిలో నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) అదే, తయారైన దేశమూ అదే. ఒకచోట బతిమాలి అమ్మారు, ఇంకోచోట బతిమాలినా అమ్మలేదు.

అంటే డిస్కౌంట్ సైజు చూసి బండి మంచిదో కాదో తేల్చలేం. ఆ ప్రాంతంలో, ఆ నెలలో, అడిగేవాళ్లు ఎందరు, యార్డులో నిలబడ్డ బండ్లు ఎన్ని అన్న లెక్క ఒక్కటే దాన్నిబట్టి తెలుస్తుంది. "దీని మీద ఇంత తగ్గిస్తున్నారంటే ఏదో లోపం ఉన్నట్టే" అని భయపడేవాళ్లూ, "ఇంత తగ్గిస్తున్నారు, వదిలితే మళ్లీ దొరకదు" అని పరిగెత్తేవాళ్లూ ఇద్దరూ ఒకే తప్పు లెక్క వేస్తున్నారని నా అభిప్రాయం.

ఆఫ్‌రోడ్ బండ్లలో ఈ ఎత్తుపల్లాలు మామూలు కార్లకంటే ఎక్కువ. ఎందుకంటే ఇవి అవసరం కోసం కొనేవాళ్లకంటే ఇష్టం కోసం కొనేవాళ్లే ఎక్కువ, ఇష్టం ఒక్కసారిగా ఎగసి ఒక్కసారిగా చల్లారుతుంది. 2021లో ఫోర్డ్ బ్రాంకో తిరిగొచ్చినప్పుడు అమెరికాలో కొందరు డీలర్లు స్టిక్కర్ ధర (కంపెనీ సూచించే ధర) మీద ఇంకా పైన కలిపి అమ్మారు. అప్పుడు చిప్‌ల కొరత కూడా తోడైంది, బండి దొరకడమే గొప్ప అన్నట్టు ఉండేది. మూడేళ్లు తిరిగేసరికి సీన్ మారింది. 2024లో జీప్ తయారుచేసే స్టెల్లాంటిస్ కంపెనీకి అమెరికాలో డీలర్ల దగ్గర స్టాకు పేరుకుపోయి, డీలర్ల మండలి కంపెనీ సీఈఓకి బహిరంగ లేఖ రాసేదాకా వెళ్లింది. అప్పుడు జీప్ రాంగ్లర్ కోసం షోరూముకి వెళ్లినవాడికి బేరం ఆడే బలం బాగా ఉంది. ఇండియాలో 2024 అక్టోబర్ 3న మహీంద్రా ఐదు డోర్ల థార్ రాక్స్ బుకింగ్స్ తెరిస్తే మొదటి గంటలోనే 1.76 లక్షలు వచ్చాయి. ఆ రోజుల్లోనే పక్కన నిలబడ్డ మూడు డోర్ల థార్ మీద తగ్గింపులు నడిచాయి, అదే థార్ 2020లో కొత్తగా వచ్చినప్పుడు నెలల తరబడి వెయిటింగ్. ఇంట్లోకి కొత్త తమ్ముడొస్తే అన్నకి గారాబం తగ్గినట్టే ఇది. అన్న బలం మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇక ల్యాండ్ క్రూజర్ 300 కథ వేరే లెవెల్. 2021లో అది వచ్చినప్పుడు, కొన్న బండిని ఏడాదిలోపు తిరిగి అమ్మబోమని జపాన్‌లో కొనేవాళ్ల దగ్గర టయోటా రాయించుకుంది. అలాంటి బండి మీద డిస్కౌంట్ అడగడం టైమ్ వేస్ట్, ఎవరు ఎంత బాగా బేరమాడినా.

డీలర్ వైపు లెక్క ఎలా ఉంటుంది

యార్డులో మెరుస్తూ నిలబడ్డ బండి చాలావరకు అప్పు మీద తెచ్చిన బండి. డీలర్ దాన్ని బ్యాంకు దగ్గరో, కంపెనీకే చెందిన ఫైనాన్స్ సంస్థ దగ్గరో అప్పు తీసుకుని తెస్తాడు, ఆ అప్పు మీద రోజూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కంపెనీలు కొన్ని రోజుల వడ్డీ భరిస్తాయి, ఆ గడువు దాటితే డీలర్ జేబులోంచే. అందుకే వచ్చి పది రోజులైన బండికీ, నాలుగైదు నెలలుగా ఎండకీ వానకీ నిలబడ్డ బండికీ ఒకే వేరియంట్ అయినా ఒకే బేరం కుదరదు. మనం వెతకాల్సింది రెండోదాన్ని.

ఎన్నాళ్లుగా ఉందో సేల్స్ అతన్ని అడిగితే "మొన్ననే వచ్చింది సార్" అంటాడు. టైరు పక్కగోడ మీద డాట్ అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి, వాటిని చూడండి. 2324 అని ఉంటే ఆ టైరు 2024లో 23వ వారంలో తయారైంది, బండి దాని తరవాత కొద్ది వారాల్లోనో నెలల్లోనో బయటికొచ్చి ఉంటుంది. చాలా బండ్లకి డ్రైవర్ డోర్ తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌పై తయారీ నెల కూడా ఉంటుంది. ఈ రెండూ చూసి, ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని, ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి కూర్చోండి. ఆ ఫోటో మీ బేరంలో మంచి పనిముట్టు.

రెండోది టార్గెట్. నెలకో, మూడు నెలలకో ఇన్ని బండ్లు అమ్మితే ఇంత బోనస్ అని కంపెనీ డీలర్‌కి చెబుతుంది. ఆ గీతకి రెండు బండ్ల దూరంలో ఉన్న డీలర్ ఆ రెండు బండ్ల మీద నష్టానికైనా సిద్ధపడతాడు, మొత్తం బోనస్ వస్తుంది కాబట్టి. నెలాఖరున వెళ్లమనే సలహా అందుకే పుట్టింది. కానీ ఆ సలహాని మంత్రంలా పట్టుకోవద్దు. టార్గెట్ అప్పటికే దాటేసిన డీలర్‌కీ, ఎలాగూ అందుకోలేని డీలర్‌కీ నెలాఖరు మామూలు రోజే. పైగా ఇది స్టాకులో ఉన్న బండికే పనికొస్తుంది. ఆర్డర్ పెట్టి ఐదు నెలల తరవాత వచ్చే బండి ఈ నెల లెక్కలోకి రాదు, అతనికి తొందరా ఉండదు.

మూడోది, "ఇన్వాయిస్ ధరకే (కంపెనీ మాకు వేసిన ధరకే) ఇస్తున్నాం, మాకు రూపాయి మిగలదు" అనే మాట. అమెరికాలో చాలా కంపెనీలు బండి ధరలో 1 నుంచి 3 శాతం దాకా అమ్మకం అయ్యాక డీలర్‌కి వెనక్కి ఇస్తాయి, దాన్ని హోల్డ్‌బ్యాక్ అంటారు. దానికి తోడు టార్గెట్ బోనస్, లోన్ ఇప్పించినందుకు కమీషన్, ఇన్సూరెన్స్ మీద కమీషన్, యాక్సెసరీల మీద లాభం. ఇన్వాయిస్ కాగితం చూపించడం తప్పేం కాదు, అతని సంపాదన అంతా అందులోనే ఉందని మనం నమ్మడమే తప్పు. అతనికీ నాలుగు రూపాయలు మిగలాలి లెండి, ఆ షోరూము నడిస్తేనే రేపు మన సర్వీసింగ్ నడిచేది. కాకపోతే ఎక్కడ మిగులుతోందో మనకి తెలిసి ఉండాలి.

బేరమే లేని చోట్లు కూడా ఉన్నాయి. మెర్సిడెస్ 2021లో ఇండియాలో, 2022లో ఆస్ట్రేలియాలో కంపెనీయే నేరుగా కస్టమర్‌కి అమ్మే పద్ధతికి మారింది, షోరూము మధ్యవర్తి మాత్రమే. ఆ పద్ధతిలో ధర అందరికీ ఒకటే. అలాంటి బ్రాండ్ అయితే బేరానికి పెట్టే ఓపిక లోన్ రేటు మీద, పాత బండి ధర మీద పెట్టడం మేలు.

ప్రకటనలో పెద్ద అంకె, మనకొచ్చేది ఎంత

ప్రకటనలో కనిపించే తగ్గింపు ఒక ముక్క కాదు, నాలుగైదు ముక్కల కూడిక. కంపెనీ అందరికీ ఇచ్చేది ఒకటి, డీలర్ తన లాభంలోంచి వదులుకునేది ఇంకోటి. పాత బండి ఇస్తే ఎక్స్చేంజ్ బోనస్, ఫలానా ఉద్యోగం అయితే కార్పొరేట్ తగ్గింపు, అదే కంపెనీ బండి ఇదివరకు ఉంటే లాయల్టీ బోనస్, మా దగ్గరే లోన్ తీసుకుంటే ఇంకొంత. ఇవన్నీ ఒకే మనిషికి వర్తించడం అరుదు, కానీ ప్రకటనలో అన్నీ కలిపి ఒకే పెద్ద అంకెగా వేస్తారు. కాబట్టి "ఎంత డిస్కౌంట్?" అనే ప్రశ్నే వదిలేయండి. "పాత బండి లేదు, మీ లోన్ వద్దు, మీ యాక్సెసరీలు వద్దు, ఈ చాసిస్ నంబర్ బండి రిజిస్ట్రేషన్‌తో సహా నా చేతికి రావడానికి మొత్తం ఎంత?" అని అడగండి. ఆ ఒక్క అంకెనే అన్ని షోరూముల మధ్యా పోల్చాలి. ఆన్‌రోడ్ ధర అన్నా, డ్రైవ్ అవే ధర అన్నా, మరే పేరుతో పిలిచినా అది పూర్తి మొత్తం అయి ఉండాలి, కింద చుక్క గుర్తులు పెట్టిన షరతులు ఉండకూడదు.

అమెరికాలో 1958 చట్టం ప్రకారం కొత్త కారు కిటికీకి ధర, ఫ్యాక్టరీలో బిగించిన ఆప్షన్లు, రవాణా ఖర్చు రాసిన స్టిక్కర్ అంటించాలి. అది కంపెనీ సూచించే ధర మాత్రమే, డీలర్ దాని పక్కనే తన స్టిక్కర్ ఒకటి అంటించి పైన కలపొచ్చు. ఆ రెండో స్టిక్కర్‌లో కలిపింది తీయించడంతోనే బేరం మొదలవ్వాలి, మొదటిదాని సంగతి ఆ తరవాతే. ఈ మధ్య ఒక ట్రిక్కు ఏంటంటే, ముందు పైన కలిపి, తరవాత అందులోంచి కొంత తగ్గించి దాన్ని డిస్కౌంట్ అని పిలవడం. కలపకముందు ధర ఎంతో తెలియకపోతే దొరికిపోతాం.

స్టాకు బండా, ఆర్డరా, పోయినేడాది బండా

స్టాకులో ఉన్న బండికి బేరం బలం ఎక్కువ, ఎంపిక తక్కువ. మీకు మాన్యువల్ గేర్‌బాక్స్, బట్ట సీట్లు, లాకింగ్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండో చక్రానికి బలం అందించే లాకర్) ఉన్నది కావాలి అనుకుందాం. యార్డులో ఉన్నదేమో ఆటోమేటిక్, తోలు సీట్లు, సన్‌రూఫ్, లాకర్ లేనిది. డీలర్లు ఎక్కువగా తెచ్చిపెట్టుకునేది త్వరగా అమ్ముడయ్యే రకం, అది సాధారణంగా రోడ్డు మీద తిరిగేవాళ్లకి నచ్చే రకం. దాని మీద 8 శాతం తగ్గించారనుకోండి, అందులో మీకు అక్కర్లేని సన్‌రూఫ్, తోలు, పెద్ద అల్లాయ్‌ల ధరే 10 శాతం ఉంటే మీరు ఆదా చేసింది ఏమీ లేదు. తరవాత లాకర్ విడిగా బిగించుకోవడం మొదలుపెడితే ఇక ఖర్చు మాట చెప్పనక్కర్లేదు.

ఆర్డర్ పెడితే కావలసినట్టు వస్తుంది, యాక్సెసరీలు అంటగట్టే గొడవ తక్కువ. ప్రమాదం అంతా కాగితంలో ఉంటుంది. చాలా బుకింగ్ ఫారాల్లో చిన్న అక్షరాల్లో "డెలివరీ నాటి ధర వర్తిస్తుంది" అని రాసి ఉంటుంది. అంటే ఆరు నెలల్లో ధర పెరిగితే ఆ భారం మీదే. ఈరోజు చెప్పిన డిస్కౌంట్ ఆరు నెలల తరవాత ఉంటుందన్న హామీ కూడా లేదు. బుకింగ్ డబ్బు వెనక్కి వస్తుందా, ధర పెరిగితే ఎవరు భరిస్తారు, డీలర్ పైన ఏమైనా కలుపుతాడా, ఈ మూడూ రాతలో లేకపోతే ఆ బుకింగ్ వద్దు. నోటిమాట చెప్పిన సేల్స్ అతను బండి వచ్చేసరికి ఇంకో షోరూములో ఉంటాడు, ఇది చాలా మామూలు.

పోయినేడాది తయారీ బండి విషయంలో లెక్క మీరు ఎన్నాళ్లు ఉంచుకుంటారన్నదాని మీద ఆధారపడుతుంది. పదేళ్లు వాడేవాళ్లకి ఒక ఏడాది వయసు తేడా అమ్మేటప్పుడు పెద్దగా తెలియదు, కాబట్టి తగ్గింపు అంతా లాభమే. మూడేళ్లకి మార్చేవాళ్లకి మాత్రం కాగితం మీద బండి నాలుగేళ్లది అయిపోతుంది, తగ్గింపు ఎంత వచ్చిందో అంతా అమ్మేటప్పుడు వెనక్కి పోవచ్చు. ఇంకో విషయం, కదలకుండా నిలబడ్డ బండికి బ్యాటరీ బలహీనపడుతుంది, టైర్లకి ఒకేచోట నొక్కు పడుతుంది. కొత్త బ్యాటరీ బేరంలో భాగంగా అడగండి, ఇవ్వడానికి వాళ్లకి పెద్ద కష్టమేం కాదు.

డెమో బండి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మామూలు హ్యాచ్‌బ్యాక్ డెమో అంటే నలుగురు నగరంలో నాలుగు రౌండ్లు కొట్టి ఉంటారు, అంతే. ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీ డెమో అలా కాదు, దాని బలం చూపించడానికి గుంటల్లో, రాళ్ల మీద, నీళ్లలో తిప్పి ఉండొచ్చు. లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూడకుండా కొనొద్దు. స్కిడ్ ప్లేట్ల (బండి అడుగుభాగాన్ని కాపాడే రేకుల) మీద గీతలు, చక్రాల్ని పట్టి ఉంచే లోయర్ కంట్రోల్ ఆర్మ్‌ల దగ్గర దెబ్బలు, ఛాసీ రైలు సందుల్లో ఎండిన బురద, డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా తెల్లబడి ఉండటం. ఈ చివరిది కనిపిస్తే నీళ్లు లోపలికి వెళ్లినట్టే, ఎంత తగ్గించినా లేచి వచ్చేయండి. కింద శుభ్రంగా ఉంటే మాత్రం డెమో బండి మంచి బేరమే, వారంటీ ఏ తేదీ నుంచి లెక్కేస్తారో ముందే అడిగి తెలుసుకుంటే చాలు.

దూరంగా ఉన్న డీలర్ దగ్గర తక్కువకి వస్తే? వెళ్లండి, ఏం పర్లేదు. రవాణా, పన్ను తేడా, రిజిస్ట్రేషన్ కలిపి కూడా తేడా మిగిలితే కొనండి. అక్కడ కొనకపోయినా ఆ కొటేషన్ తెచ్చి దగ్గరి డీలర్ ముందు పెట్టడానికైనా పనికొస్తుంది.

వేరియంట్ దగ్గరే అసలు డబ్బు ఆదా అయ్యేది

బేరంలో చెమటోడ్చి తెచ్చుకునే తగ్గింపు కంటే సరైన వేరియంట్ ఎంచుకోవడంలో మిగిలేది చాలాసార్లు ఎక్కువ. నేను పెట్టుకునే గీత ఒకటే. యాక్సిల్‌లోపల, గేర్‌బాక్స్‌లోపల ఉండేవి ఫ్యాక్టరీ నుంచే తీసుకోవాలి. బయట బోల్టులతో బిగించేవి తరవాత, అవసరం వచ్చినప్పుడు, బయట కొనుక్కోవాలి.

రాంగ్లర్‌ని చూడండి. మామూలు వేరియంట్లలో లో రేంజ్ నిష్పత్తి 2.72, రూబికాన్ అనే పై వేరియంట్‌లో 4.0. ఈ అంకె పెద్దదైతే బండి ఇంకా నెమ్మదిగా, ఇంకా బలంగా లాగుతుంది. దానితోపాటు రూబికాన్‌కి ముందూ వెనకా లాకింగ్ డిఫరెన్షియల్స్, రాళ్లలో ముందు చక్రాలు ఎక్కువ కిందికి దిగేలా స్వే బార్‌ని (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని) విడదీసే స్విచ్ ఉంటాయి. ఇవన్నీ తక్కువ వేరియంట్‌కి తరవాత పెట్టించాలంటే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) మార్చాలి, యాక్సిళ్లు విప్పాలి, మనిషి కూలీ, వారంటీ గొడవ అన్నీ కలిపితే రెండు వేరియంట్ల మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కాబట్టి నిజంగా రాళ్లెక్కేవాడికి డిస్కౌంట్ తక్కువ ఉన్నా రూబికాన్‌లాంటి వేరియంటే చవక. మట్టిరోడ్డు, ఇసుక, తడి గడ్డి, అప్పుడప్పుడూ వాగు దాటడం, అంతవరకే అయితే కింది వేరియంట్, మంచి టైర్లు సరిపోతాయి, మిగిలిన డబ్బు పెట్రోలుకి పెట్టుకోవచ్చు. నిజం చెప్పాలంటే కొనేవాళ్లలో చాలామంది ఈ రెండో రకమే, ఒప్పుకోవడానికే కాస్త మొహమాటం.

బ్రాంకో విషయంలో ఫోర్డ్ ఒక మంచి పని చేసింది. 2021లో తెచ్చినప్పుడు 35 అంగుళాల టైర్లు, ముందూ వెనకా లాకర్లు ఉండే సాస్క్వాచ్ ప్యాకేజీని బేస్ వేరియంట్‌కి కూడా ఇచ్చింది. తోలు సీట్లు వద్దు, లాకర్లు కావాలి అనేవాళ్లకి అది సరైన దారి. మీరు చూస్తున్న బండికి ఇలాంటి అవకాశం ఉందేమో ఆప్షన్ల పట్టికలో వెతకండి, సేల్స్ అతను తనంతట తాను చెప్పడు, ఎందుకంటే అది అతని దగ్గర స్టాకులో ఉండదు.

డీలర్ బిగించి పెట్టిన లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను), పెద్ద టైర్లు, బంపరు, లైట్లు ఉన్న బండ్లు చూడ్డానికి కేక పుట్టిస్తాయి. ఆ సామాను మీద అతని లాభం బండి మీద లాభంకంటే ఎక్కువ ఉంటుంది, పైగా వాటిని విడిగా పోల్చి చూడటం మనకి కష్టం. అడగాల్సినవి: కిట్ బ్రాండ్ ఏంటి, ఎవరు బిగించారు, బిగించాక సస్పెన్షన్, స్టీరింగ్ భాగాల వారంటీ ఎవరిది. జీప్‌కి మోపార్ లాగా కంపెనీ సొంత విభాగమే అమ్మే కిట్ ఒక లెక్క, పేరు తెలియని కిట్ ఇంకో లెక్క. ముందే బిగించేశాం, తీయలేం అంటారు. తీయక్కర్లేదు, దాని డబ్బు తీసేయమనండి. కుదరదంటే ఇంకో బండి చూడండి.

వడ్డీ లేని లోనా, నగదు తగ్గింపా

కంపెనీలు ఒక్కోసారి రెండిట్లో ఒకటి ఎంచుకోమంటాయి: సున్నా వడ్డీ లోన్, లేదా నగదు తగ్గింపు. ఏది మంచిదో నోటి లెక్కతో తేలదు. బండి ధర 100 అనుకుందాం, నగదు తగ్గింపు 8. మొత్తం లోనే అనుకుంటే, సున్నా వడ్డీతో 60 నెలల్లో కట్టేది సరిగ్గా 100. తగ్గింపు తీసుకుని 92కి బయట 5 శాతం వడ్డీకి అప్పు చేస్తే 60 నెలల్లో కట్టేది సుమారు 104. 9 శాతానికి చేస్తే 114 దాటుతుంది. రెండూ సమానం అయ్యేది వడ్డీ 3.3 శాతం దగ్గర, అంతకంటే తక్కువకి అప్పు దొరికితేనే తగ్గింపు లాభం. అదే 36 నెలల లోన్ అయితే ఆ గీత 5.5 శాతం దగ్గరికి జరుగుతుంది. అంటే అప్పు ఎంత త్వరగా తీర్చేస్తారో నగదు తగ్గింపు అంత బాగుంటుంది, లోన్ ఎంత లాగితే సున్నా వడ్డీ అంత బాగుంటుంది. మొత్తం నగదు ఇచ్చేవాళ్లు ఆలోచించే పనే లేదు, తగ్గింపు తీసుకోవాలి.

ఈ లెక్కంతా "నెలకి ఎంతైతే కట్టగలరు సార్?" అనే ప్రశ్నతో గంగలో కలుస్తుంది. దానికి జవాబు చెప్పారంటే ఈఎంఐ మీరు చెప్పిన అంకెకే తెస్తాడు, నెలలు 60 నుంచి 84కి పెంచి. బండి ధర, లోన్ రేటు, పాత బండి ధర ఈ మూడూ వేరు వేరు బేరాలు. ఒకటి తేలి కాగితం మీద పడ్డాకే రెండోదానికి వెళ్లాలి. పాత బండి విషయంలో ముందే బయట ఇద్దరు ముగ్గురి దగ్గర ధర కట్టించుకుని వెళ్లండి. లేకపోతే ఎక్స్చేంజ్‌లో పది ఎక్కువ ఇచ్చినట్టు చూపించి కొత్త బండి తగ్గింపులో పన్నెండు కోస్తారు, మనం సంబరంగా ఇంటికొస్తాం.

చివర్లో అంటగట్టేవి

టైర్లలో నైట్రోజన్‌కి డబ్బు అడిగితే నవ్వి ఊరుకోండి, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. సిరామిక్ కోటింగ్ ముళ్లకంపల గీతల్ని ఆపదు. ఆ డబ్బుతో తరవాత పెయింట్ ఫిల్మ్ వేయించుకోవచ్చు, అదీ తలుపుల కింద, చక్రాల వెనక వరకే. ఎక్స్‌టెండెడ్ వారంటీ మంచిదే కావచ్చు, కానీ ఆఫ్‌రోడ్ వాడకంలో దెబ్బతిన్న భాగాలకి వర్తించదు అనే వాక్యం అందులో ఉందేమో చదవండి, ఉంటే మీలాంటివాళ్లకి అది కాగితం ముక్క. ఇన్సూరెన్స్ కూడా అంతే, షోరూము చెప్పిన ధర పక్కన బయట కొటేషన్ ఒకటి పెట్టి చూడండి. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్తే వర్తిస్తుందా అని మాత్రం ఎవరి దగ్గరైనా అడగాల్సిందే.

హ్యాండ్లింగ్ ఛార్జీ, డాక్యుమెంట్ ఫీజు, లాజిస్టిక్స్ లాంటి పేర్లతో వచ్చే వరసలన్నీ ఒక్కొక్కటీ ఏంటో అడగండి. ప్రభుత్వానికి వెళ్లేది, కంపెనీకి వెళ్లేది, డీలర్‌కి మిగిలేది అని మూడుగా విడదీయమంటే మూడో కుప్పలో పడ్డవన్నీ బేరానికి దొరుకుతాయి. కొన్నిచోట్ల డాక్యుమెంట్ ఫీజు అందరికీ ఒకటే, తీయలేం అంటారు. సరే, అంత మొత్తం బండి ధరలో తగ్గించమనండి.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

రీసేల్‌ని లెక్కలోకి తెస్తే డిస్కౌంట్ బొమ్మ కొంచెం మారుతుంది. లెక్క కోసం అనుకుందాం: రెండు బండ్లూ 100. ఒకటి 10 తగ్గించి 90కి వచ్చి, ఐదేళ్ల తరవాత 50కి అమ్ముడైంది, ఖర్చు 40. రెండోది ఒక్క పైసా తగ్గించకుండా 100కి కొని, 65కి అమ్మితే ఖర్చు 35. ల్యాండ్ క్రూజర్, రాంగ్లర్, జిమ్నీ లాంటివి విలువ బాగా నిలబెట్టుకుంటాయని పేరు, వాటి మీద డిస్కౌంట్ దొరకనప్పుడు బాధపడేముందు మీ ప్రాంతంలో ఐదేళ్ల పాత బండ్లు ఎంతకి పోతున్నాయో చూడండి. కాకపోతే స్టిక్కర్ మీద ఇంకా పైన కట్టడానికి దీన్ని సాకుగా వాడుకోవద్దు. ఆ పైన కట్టింది పాత బండి మార్కెట్‌లో ఎవరూ లెక్కేయరు, గిరాకీ చల్లారిన రోజు మొదట ఆవిరయ్యేది అదే.

కొత్తగా వచ్చిన మోడల్ మీద మనసు పడ్డవాళ్లు, అత్యవసరం కాకపోతే, మొదటి ఊపు తగ్గేదాకా ఆగడమే మంచిది. ధర సంగతి పక్కనపెట్టినా, మొదటి బ్యాచ్‌లలో బయటపడే చిన్న చిన్న లోపాలు అప్పటికి సర్దుకుంటాయి. నిజంగా కొండలెక్కేవాళ్లు సరైన వేరియంట్‌ని ఆర్డర్ పెట్టి, ధర కాగితం మీద రాయించుకుని, ఓపిక పట్టాలి. రోడ్డు ఎక్కువ, మట్టి తక్కువ అనేవాళ్లకి స్టాకులో నాలుగైదు నెలలుగా ఉన్న మధ్య వేరియంట్ కంటే మంచి బేరం లేదు, రంగు విషయంలో పట్టుదల వదిలితే ఇంకా మంచిది. తరచూ బండి మార్చేవాళ్లు డిస్కౌంట్ కంటే రీసేల్ చూసుకోవాలి. పదేళ్లు వాడేవాళ్లు పోయినేడాది బండి మీద పడొచ్చు.

బేరం మొదలుపెట్టేముందు కనీసం ముగ్గురు డీలర్లకి ఒకే వేరియంట్, ఒకే ఆప్షన్లు రాసి, మొత్తం ధర రాతలో పంపమని అడగండి. కొందరు "షోరూముకి రండి, మాట్లాడుకుందాం" అంటారు, వాళ్లని జాబితా చివరికి నెట్టండి. అంకె రాసి పంపినవాడి కొటేషన్ మిగతావాళ్లకి చూపించి ఒక్కసారే అడగండి, పదిసార్లు అటూ ఇటూ తిప్పితే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. టెస్ట్ డ్రైవ్‌లో లో రేంజ్ వేసి చూడనివ్వమని అడగండి, దాని గురించి ఏమీ తెలియని సేల్స్ అతను ఎదురైతే అక్కడ సర్వీస్ ఎలా ఉంటుందో కూడా కొంత అర్థమవుతుంది.

డెలివరీ రోజు పూలదండ, ఫోటోల హడావుడిలో చూడాల్సినవి మరిచిపోకండి. కొటేషన్‌లో రాసిన చాసిస్ నంబరూ ఇన్వాయిస్ మీదిదీ ఒకటేనా, స్టెప్నీ మిగతా టైర్ల సైజుదేనా, లో రేంజ్‌లోకీ లాకర్‌లోకీ మార్చితే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతోందా, ఇస్తామన్న యాక్సెసరీలన్నీ బండిలో ఉన్నాయా. ఏది తక్కువైనా "రేపు పంపిస్తాం" అంటే ఇన్వాయిస్ వెనక రాయించి స్టాంపు వేయించుకోండి, ఆ తరవాతే మిగిలిన డబ్బు కట్టండి.